నాన్న చేసిన మంచం

మా ఊరి గోల్‌బజార్‌లో ఫర్నిచర్ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే లక్క పాలిష్ వాసన తగిలింది. మా రైల్వే క్వార్టర్ వరండాలో మంచం చేస్తున్న నాన్న గుర్తొచ్చాడు.

నాన్న వర్క్‌షాపులో వడ్రంగి. రైలు పెట్టెల్లో చెక్క బెర్తులు బిగించడం ఆయన పని. అలవాటు ఎక్కడికి పోతుంది? మా మంచానికీ మూలలన్నీ బెర్తులాగే గుండ్రంగా తీశాడు, పిల్లలు దొర్లిపోకుండా ఒక పక్క కమ్మీ పెట్టాడు. అది చూసి, మంచం కూడా రైలులా ఊగుతుందనుకున్నాను. పాలిష్ ఆరిన రోజు మధ్యాహ్నం బొమ్మల సంచీ, నీళ్లు నింపిన మరచెంబు పక్కన పెట్టుకుని ఎక్కి పడుకున్నాను. ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు.

"నాన్నా, ఇదేటి, కదల్లేదు?"

నాన్న అరచేత్తో మంచం పట్టె నిమిరాడు.

"కదలకుండానే సేసినానమ్మా. బెర్తంటే ఊగుతాది. ఇంట్లో మంచం ఊగితే మీ నాన్నకి పని రాదన్నట్టే."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడా మంచం ఇదే ఊళ్లో, మలంచా పేటలో మా ఇంట్లో ఉంది. నా కూతురు దాని మీద ఎగిరెగిరి గంతులేస్తుంది. నేను వద్దనను. పక్కన నిలబడి చెవొగ్గి వింటాను. ఇన్నేళ్లయినా కిర్రుమని కూడా అనదు.