కిక్కిసలో రెండో గొంతు

కొల్లేటికోట దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద కిక్కిస దట్టంగా పెరిగి ఉండేది. ఆ గడ్డిలో ఒక అరుదైన పిట్ట ఉందని నా అనుమానం. దాని చుట్టంలాంటి మామూలు పిట్ట కొల్లేరంతా ఉంది. కంటికి రెండూ ఒకటే మట్టిరంగు, పాటా దాదాపు ఒకటే. మామూలుది గరగరమని మొదలుపెట్టి ఈలలోకి దిగుతుంది. అరుదైనది నేరుగా ఈల వేసి చివర గొంతు దించుతుంది. అంతే తేడా.

గట్టు బాగు చేయడానికి చెరువు రైతు ఆ ఉదయమే కిక్కిసకు నిప్పు పెట్టాలి. మర్యాదస్తుడు. "ఉందని మీరు ఖాయంగా చెబితే ఆపేస్తానండి మేస్టారూ. ఉండొచ్చేమో అంటే మాత్రం కుదరదండి, ఆలస్యమైతే గాలి తిరిగిపోద్ది," అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు.

నేనూ, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన నా స్నేహితుడూ ఎప్పుడూ చెరోవైపు నిలబడి వింటాం. ఒకరి ఆశ ఇంకొకరి చెవికి అంటుకోకూడదని, విన్నాకే మాట్లాడుకుంటాం. అతను అవతలి వైపుకు వెళ్ళాడు. మధ్యలో కిక్కిస, ఒకరికొకరం కనబడం.

ఎంతసేపటికీ గరగర తప్ప ఏమీ లేదు. అగ్గిపెట్టెతో రైతు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. ఫోనులో దాచుకున్న అరుదైన పిట్ట పాట పెట్టాను. కాసేపటికి అవతలి నుంచి జవాబు వచ్చింది. శుభ్రమైన ఈల, చివర దిగిన గొంతు. నక్కను తొక్కి వచ్చాననుకున్నాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జవాబు. రైతుతో చెప్పడానికి నోరు తెరవబోతుండగా, ఆ పాట వెనక సన్నగా ఆటో హారన్ వినబడింది. నా రికార్డింగులోనూ అదే హారన్ ఉంది. ఆ రికార్డింగు నాకు పంపింది నా స్నేహితుడే.

ఓపిక చాలక అతనూ ఫోను పెట్టాడన్నమాట. అతనికి నేను పిట్టను, నాకు అతను పిట్ట. సిగ్గుతో చచ్చిపోయాను.

"అది ఫోనండీ, పిట్ట కాదు," అన్నాను.

నా స్నేహితుడు చుట్టూ తిరిగి వచ్చి, సంగతి విని గట్టు మీద కూలబడ్డాడు. అంటించమంటారా అని రైతు అడిగాడు. ఇద్దరం పక్కకు తప్పుకున్నాం. రైతు గడ్డికి నిప్పు ముట్టించాడు.

మంట చిటపటమంటూ లేచింది. అప్పుడు కిక్కిస లోపలి నుంచి ఈల వినబడింది, నేరుగా మొదలై, చివర గొంతు దించి. నా స్నేహితుడు నా చేతి వైపు చూశాడు, నేను అతని చేతి వైపు చూశాను. రెండు ఫోన్లూ ఆగే ఉన్నాయి.

"అదేనాండీ?" అన్నాడు రైతు.

అదేనన్నాను. అతను బకెట్టు పట్టుకుని నీళ్ళలోకి దూకాడు. మంట అప్పటికే కిక్కిస మధ్యకు చేరింది. పాట ఇంకా వినబడుతూనే ఉంది.