పెంచలయ్యకు ట్రంకాల్

నవ్వండి, నవ్వండి! మీ దాకా వచ్చే ఉంటుందిలే. ఈపాటికి నెల్లూరు నుంచి కావలి దాకా తీగల మీద కూర్చునే కాకులకు కూడా మా ఆయన పేరు తెలిసిపోయుంటుంది. అరిచింది నేనే మరి! అదీ డ్యూటీలో, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని! ఆ టీ ఇటియ్యక్కా, మొదట్నుంచీ చెప్తా.

మా ఆయన ఫిషరీస్ ఇన్‌స్పెక్టరు గదా. వాకాడు పక్కన సముద్రం ఒడ్డున ఉద్యోగం. నూలు వలలు మానండి, నైలాన్ వలలు వెయ్యండి అని పల్లెపల్లె తిరిగి చెప్పే పని. నేనేమో కావలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఆయన పడవెక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలీదు. నేను గడియారం చూడకుండా మంచినీళ్ళు కూడా తాగను. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నాకు ఆదివారం మొగుడే! శనివారం నాయుడుపేటలో బస్సెక్కి వస్తాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా ముద్దుమురిపెం, ఆ తర్వాత పోట్లాట.

"నువ్వు ఉద్యోగం మానేసి వచ్చెయ్యి."

"మీరే మానేసి రండి. నా జీతంతో బతుకుదాం."

"నేను లేకపోతే ఆ పల్లెల్లో వలలెవరు మారుస్తారే?"

"నేను లేకపోతే కావలికీ నెల్లూరికీ మాటలెవరు కలుపుతారు?"

ఇద్దరికీ ఉద్యోగమంటే ప్రాణం. ఒక్కరూ దిగిరారు. బస్సు కదిలేటప్పుడు మాత్రం ఇద్దరికీ కళ్ళలో నీళ్ళే.

ఇట్టా ఉండగా, వాళ్ళ ఫిషరీస్‌లో రెండు చోట్ల ఖాళీలు పడినాయి. ఒకటి మన కావలి పక్కనే జువ్వలదిన్నె. ఇంకోటి ఎక్కడో భీమిలి. "శుక్రవారం నెల్లూరు నుంచి ఫోన్ చేస్తా, అప్పుడే నీ మాట చెప్పాలి, తర్వాత మార్చేది లేదు" అన్నాడంట వాళ్ళ పెద్దాఫీసరు. భీమిలి అంటే పెద్ద పడవలు, పెద్ద పేరు. జువ్వలదిన్నె అంటే నేను. మీ మనసెటుంది అని అడిగితే, చూద్దాంలే అన్నాడు మహానుభావుడు! నాకు రాత్రంతా నిద్ర లేదు.

శుక్రవారం సెలవు పెట్టి కావలి వచ్చినాడు. మా ఇంట్లో ఫోన్ లేదు గదా, మా వీధి చివర రైసుమిల్లు నంబరు ఇచ్చి, పొద్దున్నుంచీ అక్కడే కూర్చున్నాడు.

ఇక్కడే ఉంది తిరకాసు. మొగుడి పేరు నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. "హలో, ట్రంక్స్!" అని ఇంగ్లీషులో పలికేదాన్ని, అట్టాంటివి నమ్ముతానా? నమ్మను! కానీ నాలుక తిరగదే! రోజూ సముద్రం మీదికి పోయే మనిషి, ఏమన్నా అయితే? పోనీ ఎవరికీ లేని పేరా అంటే, అదీ కాదు. పెంచలయ్య! మన జిల్లాలో రాయి విసిరితే పెంచలయ్యకే తగుల్తుంది. పి.పి. కాల్ అంటే పేరు చెప్పి, ఆ మనిషినే లైన్లోకి పిలిపించాలి గదా. పెంచలయ్యలకు వచ్చే కాల్స్ అన్నీ పక్క సీటు మేరీకి తోసేస్తుంటా. ఆరోజు మేరీ రాలేదు!

పదకొండింటికి నెల్లూరు లైను మోగింది. "పి.పి. కాల్, కావలి రైసుమిల్లు, పెంచలయ్య." మిల్లుకు కలిపినా. గుమాస్తా ఎత్తినాడు. వెనక మిషను మోత.

"నెల్లూరు కాలండీ. ఇన్‌స్పెక్టరు గారిని పిలవండి."

"ఇన్‌స్పెక్టరా! ఇక్కడ ఏ ఇన్‌స్పెక్టరూ లేడమ్మా! మా ధాన్యం అంతా సరిగ్గానే ఉంది!"

"అయ్యో, ఆ ఇన్‌స్పెక్టరు కాదండీ! చేపలు... చేపలాయన!"

"అట్టా చెప్పు! ఒరేయ్, గేటు కాడ చేపలాయన్ని పిలవండ్రా!"

మా ఆయన గేటు కాడికెందుకు పోయినాడో అనుకున్నా. టీకేమోలే అనుకున్నా.

"ఎవురూ?" అంది ఒక గొంతు.

"పెంచలయ్యేనా?" అన్నాడు ఆఫీసరు.

"అవును సామీ, పెంచలయ్యనే."

గొంతు మా ఆయనది కాదు! ఇస్కపల్లి నుంచి సైకిల్ మీద తట్ట పెట్టుకుని వచ్చే చేపలోడిది! వాడి పేరూ అదే అని నాకేం తెలుసు?

"జువ్వలదిన్నె దగ్గర, భీమిలి దూరం. ఎక్కడికి పోతావయ్యా?"

"ఎంత దూరమైనా తెస్తా సామీ! ఎక్కడికి తెమ్మంటే అక్కడికి!"

"శభాష్! దూరమంటే అందరూ ఏడుస్తారు. భీమిలికే ఆర్డరు టైపు చేయిస్తా అయితే!"

నా పై ప్రాణాలు పైనే పోయినాయి! ఆపరేటరు లైన్లో నోరు తెరవకూడదు. సూపర్‌వైజర్ గారు నా వెనకే ఉండాడు. ఇంకేం రూలు, ఇంకేం ఆయుష్షు! నా సంసారం భీమిలికి పోతా ఉంటే!

"ఆగండి సార్! ఆయన పెంచలయ్య కాదు! అంటే పెంచలయ్యే, కానీ మా పెంచలయ్య కాదు! మా పెంచలయ్య వేరే పెంచలయ్య!"

ఎక్స్ఛేంజిలో అందరూ హెడ్‌సెట్లు తీసి నా వైపు తిరిగినారు.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆపరేటర్ని సార్."

"ఆపరేటరుకు పెంచలయ్య ఏమవుతాడు?"

"మొగుడవుతాడు సార్."

"ఓహో! అయితే నీకేం కావాలమ్మా?"

"కావలి సార్!"

"అదే, ఏం కావాలి?"

"కావలే సార్!"

"కావాలి కావాలంటే ఎట్టమ్మా? ఏం కావాలో చెప్పాలి గదా!"

"ఊరు సార్, కావలి ఊరు! ఆయనకు జువ్వలదిన్నె ఇయ్యండి, ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం!"

"ఇచ్చెయ్యండి సామీ, పాపం" అన్నాడు చేపలోడు.

ఆఫీసరు ఒకటే నవ్వు. అంతలో ఎవరో రిసీవరు లాక్కున్న చప్పుడు. రొప్పుతూ మా ఆయన గొంతు. "సార్, నేను సార్! పెరట్లోకి పోయినా సార్! జువ్వలదిన్నె సార్, జువ్వలదిన్నే!"

నా మాట ఒక్కటీ ఆయన వినలేదక్కా! తనంతట తనే అన్నాడు! సంతోషంతో కళ్ళు మసకలు కమ్మి, తర్వాతొచ్చిన బెజవాడ కాల్ పోలీసుస్టేషనుకు బదులు సోడా కొట్టుకు కలిపేసినా. సూపర్‌వైజర్ గారి తిట్లు సగమే వినపడినాయి. అత్తగారేమో నేను పేరు పలికినానని ఆయన పేరు మీద అర్చన చేయించి, ప్రసాదం నా చేతికే ఇచ్చింది.

ఆర్డరు రాగానే, ఆదివారం పెట్టే బేడా సర్దుకుని వచ్చినాడు. ఈ పొద్దున చూస్తే, మా ముందు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నైలాన్ వల! కన్నాలు చూస్తున్నాడంట. డ్యూటీకి టైమైపోతోందని నేను పరుగెత్తబోయినా. చెప్పుకు ఒక ముడి, చీరకు ఒక ముడి, జడకు ఒక ముడి. ధబీమని పడినా! విడిపించకుండా ఆ మనిషి కడుపు పట్టుకుని నవ్వుతాడే!

"కొత్త పోస్టింగులో మొదటి చేప!" అంటాడు.

ఏమని తిట్టేది? ఆఫీసర్ని పట్టుకుని, తీగల మీద గొంతు చించుకుని మరీ అడిగి తెచ్చుకున్నా గదా. అంత నోరు తెరిచి మరీ వలలో పడ్డ చేపను నేనొక్కదాన్నే అక్కా!