వెలుగు చూడకూడని నెత్తురు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మనుషులంటే భయం, దయ్యాలంటే ఇష్టం. మనుషులు ఎదురుపడితే మాట్లాడాలి. దయ్యాలు పుస్తకంలో ఉంటాయి, అట్ట మూస్తే ఊరుకుంటాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, రక్తం తీసే ఉద్యోగానికి ఒప్పుకున్నది కూడా అందులో పెద్దగా మాటలుండవనే. (చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి, అయిపోయింది. ఈ కాసిని మాటలు డైరీలో రాసుకుని, అద్దం ముందు నిలబడి సాధన చేసినదాన్ని.)

పాల్వంచలోని మా ల్యాబ్‌లో సీనియర్‌ను అందరం చాటుగా నల్లకాగితం సార్ అనేవాళ్లం. విటమిన్ డి పరీక్షకు తీసిన రక్తానికి వెలుతురు తగిలితే ఫలితం తప్పుతుందని ఆయనకు మహా బెంగ. సీసా నిండగానే నల్లకాగితం చుట్టాల్సిందే. ఎండ వల్ల పుట్టేదాన్ని కొలవడానికి ఎండ నుంచే దాచిపెట్టడం నాకు వింతగా తోచేది కానీ, అడగాలంటే నోరు తెరవాలి కదా! ఆయనే చెప్పేవాడు: "కిడ్నీ పేషెంట్లకు ఇంకా జాగ్రత్త పిల్లా. ఎండ తెచ్చిన సరుకు ఒంట్లో గోదాంల ఉంటది. దాన్ని పనికొచ్చేటట్టు జేసేది కిడ్నీ. మనం కొలిచేది గోదాంల ఎంతుందని. అది తెల్వకుంట డాక్టర్ ఎముకల మందు ఎట్ల రాస్తడు?"

భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక గూడెంలో కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన ముసలామె ఉండేది. మొదటిసారి సార్ స్వయంగా వెళ్లి రక్తం తెచ్చాడు. విటమిన్ బాగా తక్కువుందని డాక్టర్ మందు మొదలుపెట్టాడు. నెలలు గడిచినా ఆమె లేవలేకపోతోందని, మళ్లీ కొలవమన్నాడు. ఈసారి నన్ను ఒంటరిగా పంపారు.

బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. టేకుచెట్ల మధ్య బాటలో ఎండుటాకుల మీద నా అడుగులు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. ఆగితే మాత్రం, నా వెనక ఇంకో అడుగు పడి ఆగేది. మళ్లీ నడిచి, మళ్లీ ఆగాను. మళ్లీ అదే. (భుజాన వేలాడుతున్న ఐస్ డబ్బా ఊగి నాకే కొట్టుకుంటోందని తిరుగు ప్రయాణంలో గాని తెలియలేదు.) గూడెమంతా ఎండలో మెరుస్తుంటే ఆ ఒక్క ఇల్లు కళ్లు మూసుకున్నట్టుంది. కిటికీల్లో గోనెసంచులు కుక్కారు. గుమ్మానికి, మిర్చి చేలల్లో పరిచే నల్లకవరు వేలాడుతోంది. దాన్ని కొంచెం తొలగించి ముసలామె కోడలు తొంగిచూసింది.

"దవాఖానా నుంచేనా? జల్దీ లోపలికి రా. ఎక్కువ తెరవొద్దు!"

లోపల నా చెయ్యి నాకే కనిపించలేదు. ఏదో జంతువు వాసన. మూలనుంచి ఒక ముసలి గొంతు నాకు తెలియని భాషలో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. మాట ఆగగానే మంచం కిందనుంచి ఎవరో బరువుగా నిట్టూర్చారు. నేను వణుకుతూ ఫోన్ వెలిగించాను. రెండు పచ్చని కళ్లు మెరిశాయి.

"లైటెయ్యకు!" అని కోడలు అరిచింది. నేను ఆర్పకముందే ఫోన్ ఆరిపోయింది. ఏదో చల్లగా నా మణికట్టును పట్టుకుంది.

"భయపడకు బిడ్డా," అంది చీకటి. "చెయ్యి నాదే."

నరాన్ని వేళ్లతో తడిమి వెతుక్కున్నాను. సూది దింపాను. సీసా నిండాక, అలవాటు కొద్దీ నల్లకాగితం చుట్టాను. ఆ గరగర విని కోడలు మురిసిపోయింది.

"విన్నవా అత్తమ్మా! నేను జెప్పలె?"

"ఏం... చెప్పారక్కా?"

"పోయినసారి ఆ సార్ గింత నెత్తురు దీసి, వెలుగు తగిల్తె ఖరాబైతదని నల్లకాయితం చుట్టిండు. బయటికొచ్చిన నాలుగు సుక్కలకే గంత జాగర్త జేస్తే, ఒంట్ల ఉన్న నెత్తురు సంగతేంది? గందుకే అప్పట్నుంచి అత్తమ్మకు ఒక్క ఎండపొడ తగలనియ్యలె."

అందులో ఎక్కడా తప్పు పట్టడానికి నాకు సందు దొరకలేదు. అప్పటిదాకా పడిన భయం పోయి, ఇంకో భయం పట్టుకుంది. జీవితమంతా అడవిలో, ఎండలో తిరిగిన మనిషిని ఎంతో ప్రేమగా ఇన్ని నెలలు చీకట్లో పెట్టారు. చెప్పాలి. నేనే చెప్పాలి. నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు.

"ఇప్పపూలు రాలే యాళ్లకు నడుస్తనా బిడ్డా?" అంది ముసలామె. "ఏటా నేనే ఏరుత. నడవకపోతె ఇగ మంచంల్నే పోత."

అంతే, నా గొంతు నా అనుమతి లేకుండా లేచింది. "ఎండ తగలాలి! అవ్వకు ఎండ తగలాలి! కాగితం సీసాకే అక్కా, మనిషికి కాదు!"

ఆ కేకకు మంచం కింది మేక ఒక్క గెంతు గెంతి, నా కాళ్ల మధ్యనుంచి దూసుకుపోయి, గుమ్మానికున్న నల్లకవరును చింపుకుంటూ బయటపడింది. (ముసలామె మాటలన్నీ దానితోనే. నిట్టూర్పులు దానివి.) వెలుగు ఒక్కసారిగా లోపలికి పడింది. కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఎండొక్కటే చాలదని, మందు మానొద్దని కూడా చెప్పి, ఇద్దరం మంచాన్ని వాకిట్లోకి లాగాం. ముసలామె కళ్లు చికిలించి నన్ను చూసింది.

"గింత చిన్నపిల్లవా! చీకట్ల నీ చేతులు వణికితే నాకంటె ముసల్ది వచ్చిందనుకున్న."

ఫలితం అనుకున్నట్టే అడుగున ఉంది. డాక్టర్ మందు మార్చాడు. తర్వాత సంగతి నాకు తెలియలేదు, అడిగే ధైర్యమూ చేయలేదు.

ఒక మధ్యాహ్నం ల్యాబ్ వెనక గదిలో కర్టెన్లు మూసుకుని, ఎవరూ పలకరించకుండా ఒక దయ్యాల పుస్తకం చదువుకుంటున్నాను. బయట కర్ర చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ దగ్గరగా వినిపించింది. కర్టెన్ పక్కకు జరిగింది. ఇప్పపూల తియ్యటి వాసన గదంతా నిండింది.

"నువ్వేంది బిడ్డా, గిట్ల చీకట్ల కూసున్నవ్? నీ నెత్తురుకు గూడ ఎవలన్న కాయితం చుట్టిన్రా?"

పుస్తకం అట్ట మూశాను. ముసలామె నా మణికట్టు పట్టుకుని, కర్ర తాటించుకుంటూ, బయట మెట్ల మీదికి లాక్కెళ్లింది. ఆ చెయ్యి ఈసారి వెచ్చగా ఉంది.

ఇప్పటికీ మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని ఆ మెట్ల మీదికే వెళ్తాను. ఎవరైనా పలకరిస్తే జవాబు చెబుతాను కూడా, అద్దం ముందు సాధన చేయకుండానే. దాదాపు ప్రతిసారీ.