బంగారం తూకం తగ్గిన ఏడు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మా వీధి జంపఖానాల సావుకారి మొన్న మంగళవారం పొద్దున చాయ్ తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, అట్లాగే పోయాడు. ఎనభై దాటిన మనిషి. ఏడ్చినవాళ్ల ముఖాల్లో కూడా కొంత నెమ్మది ఉంది. పైగా ఆయన గురించి రాయాలంటే మూత్రం గురించి రాయాలి. పెద్దమనుషులు పోయినప్పుడు రాసే వ్యాసాల్లో ఆ మాట నేనెక్కడా చూడలేదు. కానీ ఆ మాటను బజారులో పైకి అన్నందుకే ఆయన నాకు పెద్దమనిషి. అందుకని రాస్తున్నాను.

డెబ్బైలలో కొత్తవాడలో మగ్గం మీద కూర్చునే మాబోటివాళ్లం పడుగు దారాల్లా సన్నగా ఉండేవాళ్లం. సావుకారి దుకాణంలో మాత్రం కుర్చీ ఉండేది కాదు. ఏ కుర్చీ ఆయనతో ఏడాది కాపురం చేయలేదు. చుట్టిపెట్టిన జంపఖానాల మీదే కూర్చునేవాడు. ఆ రోజుల్లో పొట్టే పరపతి. బయటూరి బేరగాడు ముందు పొట్ట చూసి, తర్వాత సరుకు చూసేవాడు. నేనూ ఒకసారి చొక్కా కింద తువ్వాలు చుట్టుకుని బేరానికి పోయాను. అది వేరే కథ. తువ్వాలు జారింది.

మేడారం జాతరకు మా దగ్గర మనిషి బరువుకు సరితూగే బెల్లం అక్కడి వనదేవతలైన అమ్మలకు మొక్కు చెల్లిస్తారు. ఆ బెల్లాన్ని బంగారం అంటాం. బెల్లం దుకాణంలో పెద్ద కాంటాకు ఒకవైపు మనిషి, ఇంకోవైపు బంగారం. రెండేళ్లకోసారి సావుకారి కాంటా ఎక్కుతుంటే చూడటానికి బజారంతా కూడేది. ప్రతిసారీ కిందటి జాతర కంటే ఎక్కువే తూగేవాడు.

"అమ్మల దయ తమ్మీ. పెడ్తాండ్రు, తింటాన" అనేవాడు.

ఎనభైలు మొదలైన తర్వాత ఒక జాతరకు మాత్రం ఆయన ముఖం పీక్కుపోయి కనిపించింది. చొక్కా భుజాల మీంచి జారుతోంది. "ఏంది సావుకారీ, నువ్వు చిక్కినవా, యాపారం చిక్కిందా?" అని ఎవరో ఎగతాళి చేశారు. ఆయన నవ్వి కాంటా ఎక్కాడు. తూకం కిందటిసారి కంటే తగ్గలేదు. అందరూ ఈలలు వేశారు. దిగబోతుంటే ధోతి మడతలోంచి నూలు తూచే ఇనుప రాయి ఒకటి ఠంగుమని కిందపడింది. దాని వెనకాలే ఇంకొకటి.

బజారు పగలబడి నవ్వింది. నవ్వనిది వదినె ఒక్కతే. ఆయన భార్యను నేను వదినె అనేవాణ్ణి. ఇంటికి పోగానే నన్ను పిలిపించింది.

"మరిదీ, జర నువ్వన్న అడుగు. నాకు చెప్తలేడు."

అడిగితే చివరికి నోరు విప్పాడు. "ఎర్రగ వస్తాంది తమ్మీ, ఒంటికి పోతె. వేడి చేసింది. సబ్జ నీళ్లు తాగుతాన. తాగితె ఆగుతాంది."

"మల్ల వస్తాందా?"

"వస్తాంది. మల్ల తాగుతాన. నొప్పి లేదు గద, నొప్పి లేంది రోగమెట్లయితది?"

తనంతట తాను ఆగిన నెత్తుటికి సబ్జ గింజలు పేరు కొట్టేశాయి. వదినె ఇంకో మాట వినలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. కిడ్నీలో గడ్డ ఉందన్నారు, క్యాన్సర్ అన్నారు, ఆ కిడ్నీని తీసేయాలన్నారు.

"బీడి తాగ, మందు ముట్ట. నాకెందుకొచ్చింది సార్?" అని అడిగాడు సావుకారి.

"సన్నటోళ్లకు కూడ వస్తది సావుకారీ" అన్నాడు డాక్టరు. "కాని ఒళ్లు బాగ పెరిగినోళ్లల్ల ఈ గడ్డలు ఎక్కువ కనిపిస్తున్నయి. నీకు దాంతోనే వచ్చిందని కచ్చితంగ చెప్పలేను. బయటపడ్డంక మాత్రం ఒళ్లు పెరగనియ్యకు."

"తగ్గింది గద సార్ ఇప్పుడు?"

"అది రోగం తిన్నది. నువ్వు తగ్గించింది కాదు."

గడ్డ ఇంకా బయటికి పాకలేదు. ఆపరేషన్ అయింది, మనిషి మిగిలాడు. తిండి తగ్గించాడు. పొద్దున్నే కాశిబుగ్గ దాకా నడక మొదలుపెట్టాడు. మరుసటి జాతరకు అదే కాంటా మీద, అదే జనం ముందు, సగం మనిషిలా కూర్చున్నాడు. "ఏంది సావుకారీ, అమ్మలకు గింతేనా?" అని ఒకడు అరిచాడు. "గింత మిగిలిన, గింత ఇస్తాన" అన్నాడు.

అంతటితో ఊరుకుంటే మామూలు మనిషే. ఆయన ఊరుకోలేదు. గిరాకీ ముందు జంపఖానా పరుస్తూ, "ఒంటికి పోయినప్పుడు రంగు చూస్కుంటానవా?" అని అడిగేవాడు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. బేరాలు చెడేవి. "ఇది దుకాణమా, దవాఖాననా?" అని వదినె తలకొట్టుకునేది. లావుపాటి దోస్తులను చూస్తే అసలు వదిలేవాడు కాదు. "ఒళ్లు పెరిగితె ఇజ్జత్ పెరగది, బట్ట ఖర్చు పెరుగుతది" అనేవాడు. "ఎర్రగ వచ్చి ఆగిందా? ఆగిందని ఖుషి కాకు, నడువు దవాఖానకు" అనేవాడు. ఎవరి ఆస్తి గురించీ, ఎవరి ఇంటి గొడవ గురించీ ఆయన అడగ్గా నేను వినలేదు. ఈ ఒక్కటే అడిగేవాడు.

పరకాల పత్తి వ్యాపారి ఒకాయన, సావుకారి పాత శరీరమంత శరీరం గలవాడు, అందరికంటే ఎక్కువ నవ్వాడు. "ఒక కిడ్నీ పోయిందంటిరి, మతి గూడ పోయినట్టుంది" అని నలుగురిలో అన్నాడు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, ఆయనే దుకాణం మెట్లెక్కాడు. నేను నేసిన జంపఖానాలు అప్పగిస్తూ అక్కడే ఉన్నాను. అంచులు పట్టి చూశాడు, ధర అడిగాడు, జవాబు వినలేదు.

"నాకు గాదు. మా దోస్తుకు" అన్నాడు. "మొన్న ఎర్రగ వచ్చిందట. ఆగిందట."

సావుకారి చెప్పులు తొడుక్కున్నాడు. "పా, మీ దోస్తును తోల్కపోదాం" అన్నాడు.

రిక్షా వచ్చింది. పరకాలాయన ఎక్కితే సీటు నిండిపోయింది. సావుకారి వెనక నడుచుకుంటూ దవాఖానకు పోయాడు.