ముందు బకెట్, తరువాత గది

మొన్న అబిడ్స్‌లో ఒక బ్యాంకుకు వెళ్ళాను. పెన్షను తీసుకునేవాళ్ళం ఇంకా బతికే ఉన్నామని ఏటా ఒకసారి సంతకం పెట్టి రుజువు చేసుకోవాలి కదా, ఆ పని మీద. గంటసేపు నిలబడ్డాక నా వంతు వచ్చేసరికి కౌంటరులో ఉన్న అమ్మాయి ముందున్న కంప్యూటరు కదలక మెదలక ఆగిపోయింది. ఆ అమ్మాయి దాని ముఖం కూడా చూడకుండా మీట నొక్కబోయింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చి, ఆపమ్మా, ముందు అది ఎక్కడ ఆగిందో చూడు, అని గట్టిగా అరిచాను. వరసలో ఉన్న నా ఈడు వాళ్ళంతా పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఆ అమ్మాయి మాత్రం ఓపికగా, "రీస్టార్ట్ చేస్తే అదే వస్తది అంకుల్, జర కూర్చోండ్రి" అంది. అన్నట్టే మూడు నిమిషాల్లో వచ్చింది. సంతకం పెట్టి బయటపడి బస్సు కోసం నిలబడ్డాక కూడా ఆ కోపం దిగలేదు. పాపం ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు, నా కోపానికి నలభై ఏళ్ళు పైబడిన వయసుంది.

డెబ్బయ్యో దశకం చివరిలో గన్‌ఫౌండ్రీలో ఒక పాత మేడ రెండో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. హాలంతా ఒకే కంప్యూటరు. చెప్పులు బయట విడిచి, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని లోపలికి పోవాలి. దానికి రెండు ప్రాసెసర్లు. ఇప్పుడు పిల్లల చేతిలో ఫోనుకే ఎనిమిది ఉంటాయట గానీ, మాకు రెండుండడమే గొప్ప, వచ్చిన ప్రతి పెద్దమనిషికీ మా ఆఫీసరు బీరువాలంతేసి ఉన్న ఆ రెండింటినీ పెళ్ళికొడుకులను చూపించినట్టు చూపించేవాడు. ఆ రెండింటికీ పని పంచి, డిస్కులూ టేపులూ ప్రింటరూ తగువు లేకుండా వాడుకునేలా చూసే ప్రోగ్రామును ఇప్పుడు కెర్నెల్ అంటున్నారు, మేము సూపర్‌వైజర్ అనేవాళ్ళం. దాని మంచిచెడ్డలు చూడడం నా ఉద్యోగం. బందరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, ప్రొబేషనులో ఉన్నాను.

ఆ మెషీను వారానికి రెండు మూడుసార్లు హ్యాంగ్ అయ్యేది. హ్యాంగ్ అయిన మెషీను చచ్చినట్టు కనబడదు, అదే దాని మాయ. ప్యానెళ్ళ మీద దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఫ్యాన్లు హోరు పెడుతూనే ఉంటాయి, రెండు ప్రాసెసర్లూ తీరిక లేనంత పనిలో ఉన్నట్టే ఉంటాయి, ప్రింటరు మాత్రం ఒక్క వరస కూడా కొట్టదు. అప్పుడు ఎక్కడ ఇరుక్కుందో చెప్పగలిగేవి ఆ దీపాలే. మా ఆఫీసరు హుకుం ఏమిటంటే, ఆగిన మరుక్షణం రీస్టార్ట్ మీట నొక్కాలి, లాగ్‌బుక్కులో మెషీను ఆగిన సమయం రెండు నిమిషాలు దాటకూడదు. మీట నొక్కితే దీపాలన్నీ ఆరి మళ్ళీ మొదటికి వస్తాయి, ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది. దొరికిన దొంగను ప్రతిసారీ సాగనంపి, ఆ తరువాత దొంగ ఎవరని మమ్మల్ని అడిగేవాడు ఆ మహానుభావుడు. ఎనిమిది నెలలు ఈ భాగోతం నడిచింది.

ఈ హ్యాంగులు ఎక్కువగా మధ్యాహ్నం షిఫ్టులో వచ్చేవి. టేపులూ డిస్కులూ కలిపి వాడే పెద్ద పనులన్నీ ఆ షిఫ్టులోనే పడేవి గనక అది సహజమే. కానీ ఆఫీసరు కంటికి ఆ షిఫ్టు ఆపరేటరు కనబడ్డాడు.

ఆ ఆపరేటరు నాకు మామ. చుట్టరికం ఏమీ లేదు, నాంపల్లిలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలికి తమ్ముడు. ఆవిడ పిల్లలు మామ అంటే నేనూ మామ అన్నాను, ఆయన నన్ను అల్లుడన్నాడు. నాకు ఆ గది ఇప్పించిందీ ఆయనే. మూడు తరాలుగా ఈ ఊళ్ళో ఉన్న కుటుంబం, ఉర్దూలో చదువుకున్నవాడు. మాన్యువళ్ళు అర్థం చేసుకోవడానికి ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద అట్టలూడిన ఇంగ్లీషు నిఘంటువు కొనుక్కుని, పేజీలు అరిగేలా తిప్పేవాడు. ఆరేళ్ళుగా టెంపరరీ. ఆ ఎనిమిదో నెలలో పర్మనెంటు కాగితం మీద సంతకం పడాలి. మా ఆఫీసరు దాని మీద సంతకానికి బదులు, ఇతని షిఫ్టులోనే మెషీను ఆగుతోంది, అజాగ్రత్త మనిషి, అని రాసిపెట్టుకున్నాడు. పైగా అందరి ముందూ, ఈ నిజాం కాలపు నెమ్మది ఇక్కడ నడవదయ్యా, అనేవాడు. ఆ ఆఫీసరు మా పక్క జిల్లావాడు. ఆ మాటకు కోస్తా నుంచి వచ్చిన మేమంతా నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

ఇక్కడ ఆ నాంపల్లి ఇంటి స్నానాలగది సంగతి చెప్పాలి. ఆరు వాటాలకు ఒకటే గది, ఒకటే రాగి బకెట్. నేను చేరిన మొదటి వారంలో, గది ఖాళీగా కనబడింది కదా అని లోపలికి దూరి గొళ్ళెం పెట్టుకుని బకెట్ కోసం కేకలేశాను. బకెట్ పట్టుకున్న పక్కవాటా లెక్కల మాస్టారు తలుపు బయట నిలబడి, ముందు నువ్వు బయటికి రా అన్నాడు. బకెట్ ఇస్తే గానీ రానని నేను, గది ఇస్తే గానీ బకెట్ ఇవ్వనని ఆయన. ఆయన వెనక ఇల్లంతా తువ్వాళ్ళతో నిలబడింది. చివరికి యజమానురాలు వచ్చి ఇద్దరినీ కడిగేసి, "బకెట్ చేతిల లేనోడు ఇగ తలుపు ముట్టొద్దు" అని శాసనం చేసింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ తగువు మళ్ళీ రాలేదు.

ఆ నెలలోనే ఒకరోజు ఏవో పరీక్షల ఫలితాలు అచ్చవుతున్నాయి, సాయంత్రానికి పత్రికలకు అందాలి. ఆఫీసరు సెక్రటేరియట్‌లో మీటింగుకు వెళ్ళాడు. మధ్యాహ్నం రెండు దాటాక ప్రింటరు మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. అలవాటు కొద్దీ నేను మీట దగ్గరకు పోయాను. మామ వచ్చి మీట మీద తన అరచెయ్యి పెట్టాడు.

"ముట్టకు అల్లుడు. గీ పారి దీపాలు సదివినంకనే ముట్టనిస్త. సాబు తిడితె నన్నే తిడతడు, నువ్వు రాస్తుండు."

ఆయనకు అది తెగింపు కాదు, గత్యంతరం లేకపోవడం. తప్పు మెషీనుదని చూపిస్తే తప్ప ఆ కాగితం మీద సంతకం పడదు. రెండు ప్రాసెసర్లనూ ఉన్నచోటే నిలిపి, లోపలి అంకెలను ఒక్కొక్కటే దీపాల మీదికి రప్పిస్తూ, వెలిగిన దీపానికి నిండు సున్నా, వెలగని దానికి ఖాళీ సున్నా చొప్పున చెబుతూ పోయాడు. నేను పేజీల నిండా సున్నాలు చుట్టాను. ఫోను మోగుతూనే ఉంది, తీయలేదు. నలభై నిమిషాలు పట్టింది. ఆ సున్నాలను, ప్రోగ్రామంతా వరసగా అచ్చేసిన లిస్టింగు పక్కన పెట్టి చూస్తే, మొదటి ప్రాసెసరు డిస్కును తన పేర పట్టుకుని టేపు కోసం ఎదురు చూస్తోంది, రెండోది టేపును పట్టుకుని డిస్కు కోసం ఎదురు చూస్తోంది. పట్టుకున్నది వదలకుండా రెండూ, ఇచ్చావా ఇచ్చావా అని సెకనుకు వేలసార్లు అడుగుతున్నాయి. నేనింకా వేలు పెట్టి వరసలు లెక్కపెడుతుండగానే మామ నవ్వేశాడు.

"గీడు బకెట్ వట్టుకొని తలుపుకాడ నిలబడ్డడు, గాడు లోపట గొళ్ళెం వెట్టుకొని బకెట్ తెమ్మంటున్నడు. మన ఇంటి పంచాయితే గద అల్లుడు. మా అక్క చెప్పినట్టె చెప్పు వీళ్ళకు."

మందు కూడా అదే. ముందు డిస్కు, తరువాతే టేపు, ఎవరైనా సరే అదే వరసలో తీసుకోవాలి, డిస్కు చేతిలో లేనిది టేపును ముట్టకూడదు. మార్చడానికి నాకు పట్టింది ఒక పూట. ఆ తరువాత నేను ఉన్నన్నాళ్ళూ ఆ హ్యాంగు మళ్ళీ రాలేదు.

ఫలితాలు పత్రికలకు గంట ఆలస్యంగా అందాయి. ఆఫీసరు చేతికి రెండు కాగితాలు వెళ్ళాయి. ఒకటి నేను రాసిన రిపోర్టు, దాన్ని మెచ్చుకుని పైన తన పేరు, కింద నా పేరు పెట్టి పైవాళ్ళకు పంపాడు. రెండోది లాగ్‌బుక్కు, అందులో ఆగిన నిమిషాలు నలభై అని మామ దాచకుండా రాసిన పేజీ. మెషీను ఎందుకు ఆగేదో ఇప్పుడు తేలిపోయింది గనక అజాగ్రత్త అన్న మాట కొట్టేసి, దాని స్థానంలో ఆజ్ఞ ధిక్కారం అని రాశాడు. తన హుకుం వల్లే ఎనిమిది నెలలు ఆ జబ్బు దొరకలేదని ఒప్పుకోవడం కంటే ఒక మనిషి అన్నం తీసేయడం ఆయనకు తేలికయింది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

నా రిపోర్టులో దీపాలు చదివింది ఎవరో లేదు. ఆ మాట చెప్పాలనే ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. ఆయన తలెత్తి, నీ ప్రొబేషను ఇంకా ఎన్ని నెలలయ్యా, అని మాత్రం అడిగాడు. మూడు అని చెప్పి బయటికి వచ్చేశాను. అంతే నేను చేసిన యుద్ధం.

నెలాఖరుకు మామను తీసేశారు. కాచిగూడ స్టేషను దగ్గర ఒక లాడ్జిలో, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగానికి కుదిరాడు. ఒక ఆదివారం వరండాలో ఎదురుపడి, నేను ఏమీ అడగకుండానే, "ఫికర్ చెయ్యకు. చేతిల ఉన్నది ఇడువాల్నంటె ఎవ్వనికైన కష్టమే" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ నిఘంటువును మాత్రం, నాకు ఇగ దీంతోటి పనిలేదని నా చేతిలో పెట్టాడు. పొద్దున్నే ఆ బకెట్ కోసం వరసలో నిలబడడం నా వల్ల కాక, ఆ నెలలోనే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాను.

ఆ మేడ ఇప్పుడు లేదు. నాంపల్లి ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు, పడకగదికొక స్నానాలగది, బకెట్ కోసం ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. మెషీన్లకు దీపాలూ లేవు, వాటి ముందు నిలబడి చదివే ఓపికా ఎవరికీ లేదు, ఆగితే ఆర్పి వెలిగించడమే. మా ఆఫీసరు హుకుమే చివరికి లోకాన్ని గెలిచింది.

ఆ రోజుల్లో ప్రోగ్రాములో ఏ వరస మార్చినా, పక్కన మార్చినవారి పేరు ఇంగ్లీషులో రాయాలి. దానికి పన్నెండు అక్షరాల చోటు ఉండేది, నేను అందులో నా పేరొక్కటే రాశాను. నా పేరు ఐదు అక్షరాలు, మామ పేరు నాలుగు, మధ్యలో ఒక కామా. ఇద్దరికీ సరిపోగా, ఇంకా రెండు మిగిలేవి.