విప్పి పంపిన నవారు

నా చిన్నప్పుడు, హిందీ ఊళ్ళో ఉన్న మా బిర్సానగర్ తెలుగు వీధుల్లో ఒక మంచం ఇల్లిల్లూ తిరిగేది. అది మా వీధి చివర ఉన్న తెలుగు చర్చి వాళ్ళది. చర్చి అంటే పెద్ద గోపురం ఊహించుకోవద్దు. రేకుల కప్పు హాలు, గోడ మీద చెక్క శిలువ, కింద చాపలు, పక్కన చిన్న సామాన్ల గది. ఆ గదిలో ఉన్నవి నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. చక్రాల కుర్చీ, నడవలేనివాళ్ళు పట్టుకునే స్టాండ్లు, పెళ్ళిళ్ళకి వంట గుండిగలు, వానాకాలానికి టార్పాలిన్లు, ఆ మంచం. ఎవరికి అవసరమైతే వాళ్ళు అడిగి పట్టుకెళ్ళేవారు. మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారని అడిగిన వాళ్ళు లేరు. ఆరాధన ఆదివారం హాల్లో మొదలవుతుంది గానీ పూర్తయ్యేది వీధిలోనే అని పాస్టరుగారు అనేవారట. ఆ మాట మాకు ఆ చర్చికి వెళ్ళే పక్కింటి అక్క చెప్పేది.

మంచం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ చర్చికి వచ్చే వెల్డరు ఒకాయన ఇనప పైపులతో దాన్ని తయారుచేశాడు. తలవైపు సగం పైకి లేస్తుంది. కింద పళ్ళున్న పట్టీ ఉంటుంది, ఆసరా కడ్డీని ఏ పన్నుకి ఆనిస్తే తలవైపు అంత ఎత్తులో నిలబడుతుంది. పైన అంతా నవారు అల్లిక. నడుము దగ్గర మాత్రం అల్లిక మధ్యలో ఒక ఖాళీ వదులుతారు, కింద పళ్ళెం పెట్టడానికి. మంచాన పడ్డ మనిషిని చూసుకున్న ఇళ్ళకి ఆ ఖాళీ విలువ తెలుస్తుంది.

ఆ ఏడు మా తాతయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్క విషయమే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. పడుకోబెట్టి ఏదీ తాగించకండి, కూర్చోబెట్టే పట్టండి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని. నాన్న డ్యూటీకి వెళ్తే ఇంట్లో అమ్మ, నానమ్మ, నేను. తాతయ్యేమో భారీ మనిషి. వెనక దిళ్ళు పెడితే జారిపోయేవాడు. నానమ్మ తన వీపు ఆయన వీపుకి ఆనించి కూర్చుంటే అమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, పట్టేది. రెండు గుటకలయ్యేసరికి ఇద్దరూ కలిసి ఒరిగిపోయేవారు. తాతయ్య పొలమారి కళ్ళు తేలేసేవాడు. చివరికి భయంతో నోరు తెరవడమే మానేశాడు. తినకపోతే ఆయన దక్కడని ఇంట్లో అందరికీ తెలుసు.

చర్చి మంచం అప్పుడే ఖాళీ అయింది. చిక్కంతా అక్కడే వచ్చింది. వెనక వీధిలో ఒక పెద్దావిడ దాని మీదే కన్నుమూసింది. అమ్మ ఆ మంచం మాట ఎత్తగానే నానమ్మ గయ్యిమంది.

"సచ్చినోల మంచం నా గుమ్మంలోకి తెత్తావేటే? ముసలోడు ఇంకా బతికే ఉన్నాడు!"

పక్కింటి అక్క సర్దిచెప్పబోయింది. దాని మీంచి లేచి నడిచినవాళ్ళు కూడా ఉన్నారు కదా అంది.

"నడిసినోలు నడిసెల్లిపోనారు. మంచానికి అంటుకున్నది సావే."

సాయంత్రం నాన్న వచ్చి బతిమాలాడు. లాభం లేకపోయింది. తాతయ్య రేకుల కప్పు వైపు చూస్తూ పడుకునే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరమ్మగారు వచ్చింది. పాస్టరుగారి భార్యని వీధంతా అలాగే పిలిచేది. ఆవిడ వెనక ఇద్దరు మంచం మోసుకొచ్చి మా ఇంటి గోడకి బయటివైపు నిలబెట్టి వెళ్ళిపోయారు. దాని మీద నవారు లేదు, ఉత్త పైపులే. నవారు చుట్ట ఆవిడ చంకలో ఉంది.

"లోపలికి తేనమ్మా, కంగారు పడకండి. నవారు విప్పేసి ఉంది. మావాళ్ళకి కుర్చీలకి వైరు అల్లడం వచ్చు గానీ నవారు మీలాగ బిగించడం రాదు. కాస్త అల్లిపెడతారా?"

మా వీధిలో నవారు మంచాలన్నీ నానమ్మ చేతి మీదవే. ఆ సంగతి పాస్టరమ్మగారు ఎవర్నడిగి తెలుసుకుందో. నానమ్మ మంచాన్ని చూసింది, చుట్టని చూసింది.

"ఎవలికి?"

"కావలసినవాళ్ళకేనమ్మా."

"అల్లుతాను గానీ, అయిపోగానే పట్టుకెల్లిపోవాల."

"అలాగే."

నానమ్మ కొంగు దోపుకుని పనిలోకి దిగింది. అరికాలు పైపుకి తన్నిపెట్టి లాగుతుంటే పైపు వంగిపోతుందేమో అనిపించేది. చుట్ట పట్టుకునే పని నాది. చెయ్యి లాగేస్తుంటే "నానమ్మా, హాథ్ దుఖ్ రహా హై" అన్నాను. "తెలుగులో ఏడు, అప్పుడింటాను" అంది. అవతలి అంచు పాస్టరమ్మగారు పట్టుకుంది. ఆవిడ పట్టు నానమ్మకి ఆనలేదు.

"ఏటమ్మగోరూ, పొద్దున్న అన్నం తిన్నేదేటి? ఇలా వొదులొగ్గేత్తే ముసలోడు గోతిలో పడ్డట్టు పడతాడు."

అనేసి నానమ్మ ఆగిపోయింది. ఏ ముసలోడు అని ఎవరూ అడగలేదు. పాస్టరమ్మగారు తల కూడా ఎత్తలేదు. నవారు ఇంకాస్త గట్టిగా లాగింది, అంతే.

ఖాళీ వదలాల్సిన చోటు వచ్చినప్పుడు నానమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళింది. గుమ్మంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. పడుకున్న తాతయ్యని మెడ దగ్గర్నుంచి నడుము దాకా జానలతో కొలుస్తోంది. మళ్ళీ బయటికి వచ్చి, అన్ని జానలూ మంచం మీద వేసుకుని, సరిగ్గా అక్కడ ఖాళీ వదిలి అల్లిక ముగించింది.

పాస్టరమ్మగారు చేతులు దులుపుకుని, ఇచ్చిన మాట ప్రకారం, "మావాళ్ళని పిలవమంటారా, పట్టుకెళ్ళిపోతారు" అంది.

నానమ్మ వంటింట్లోంచి పసుపు గిన్నె తెచ్చింది. మంచం నాలుగు కోళ్ళకీ పసుపు రాసి బొట్లు పెట్టింది. "మా పద్దతి మాది" అంది, ఎవరో కాదన్నట్టు.

"మీ ఇల్లు, మీ పద్ధతి. నేను కూడా ప్రార్థన చేసుకుంటాను. మనసులోనే చేసుకుంటాన్లెండి."

"పైకే సెయ్యండి. ఏటడుగుతన్నారో నాకూ ఇనపడాల గదా."

ఆ సాయంత్రం నాన్న వచ్చి మంచాన్ని లోపల వేశాక, తాతయ్య చాలా రోజుల తర్వాత కూర్చున్నాడు. నాన్న తలవైపు లేపి కడ్డీని పన్నుకి ఆనించాడు. తెరిచిన తలుపులోంచి తాతయ్యకి వీధి కనిపించింది. అమ్మ గ్లాసు పెదాలకి ఆనించింది. మొదట తల తిప్పేసుకున్నాడు. తర్వాత ఒక గుటక వేశాడు. కాసేపు ఆగి ఇంకొకటి. పొలమారలేదు. గ్లాసు సగమయ్యాక నానమ్మ వైపు చూసి, వంకర పోయిన మూతితో ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాడు.

"ఏటే... జుత్తు... దువ్వుకోనేదేటి?"

"మూతి వంకరైంది గానీ బుద్ధి మారనేదు" అని తిట్టి నానమ్మ వంటింట్లోకి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

ఆ ఎండాకాలం గడిచేసరికి తాతయ్య చర్చి వాళ్ళ స్టాండు పట్టుకుని గుమ్మం దాకా నడవసాగాడు. మంచం ఇంకో ఇంటికి వెళ్ళే వేళ అయింది. ఆ ముందు రోజు నానమ్మ నేల మీద కూర్చుని నవారంతా విప్పడం మొదలుపెట్టింది. అంత బిగువుగా ఉన్న అల్లిక ఎందుకు విప్పుతోందో నాకు అర్థం కాలేదు. అడిగాను.

"ఇప్పకుండా పంపితే అవతలోలకి సెయ్యడానికి పనేటుంటాది?" అంది. నేను అర్థంకాక చూస్తుంటే మెల్లగా చెప్పింది. "మనకి తెచ్చినప్పుడు కూడా ఇది తెగి ఊడినది కాదురా. ఎవులో సేత్తో ఇప్పి, ఉతికి, ఆరబెట్టి సుట్ట సుట్టినారు. మొదటి ముడి ఎయ్యగానే తెలిసిపోనాది నాకు."

తెలిసీ ఎందుకు అల్లావని అడిగాను.

"మంచం తీసుకో అని ఆయమ్మ అన్నేదు గదా. అల్లిపెట్టమంది."

ఆ నవారుని నానమ్మ ఉతికి, దండెం మీద ఆరేసి, తాతయ్య ఎడంచేత్తో ఒక కొస పట్టుకుంటే చుట్ట చుట్టింది. మర్నాడు పాస్టరమ్మగారితో కలిసి తనే ఆ ఇంటికి వెళ్ళింది.

తాతయ్యా నానమ్మా ఇప్పుడు లేరు. చర్చికి రేకుల బదులు శ్లాబు పడింది. మంచం మాత్రం ఇంకా తిరుగుతోంది. నేను యంత్రాల డిజైన్ పనిలో ఉన్నానని తెలిసి, దాని పళ్ళు అరిగిపోయాయని ఈమధ్య చర్చి వాళ్ళు నాకు కబురు చేశారు. కొత్త పట్టీ కోయించి వెల్డు చేయించాను. కడ్డీ కొత్తది వేశాను, కోళ్ళ కింద రబ్బరు తొడుగులు మార్చాను. మంచం వెళ్ళాల్సిన ఇంటికి నేనే తీసుకెళ్ళాను. ఆ ఇంటి అబ్బాయి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల వాళ్ళ అమ్మ దగ్గుతోంది. ఎవరి సాయమూ వద్దని మొహం మీదే రాసి ఉంది వాడికి.

కడ్డీ జారకుండా వేసే పిన్ను నా జేబులోనే ఉంది. బిగించడానికి నిమిషం పట్టదు. దాన్ని తీసి వాడి వైపు చాచాను. "కొంచెం నువ్వు పెట్టు తమ్ముడూ, నేను అటు పట్టుకుంటాను" అన్నాను.

వాడు పిన్నుని చూశాడు, నన్ను చూశాడు. నా ఎత్తు తెలిసిపోయిందనుకుంటాను. అయినా చేతులు విప్పి ముందుకొచ్చాడు.

"లావో భయ్యా, ఇధర్ దో" అని పిన్ను అందుకుని వంగాడు.