తాళం అక్కర్లేని అరలు

కోరుట్లలో మేము కాపురమున్న ఇంటి ముందుగది పొడవైనదే గాని వెడల్పు తక్కువ. ఆ గదిలో ఒక గోడ పొడుగునా, నేల మీది నుండి నా నడుమెత్తు వరకు, ఆటలు పేర్చి ఉండేవి: వామనగుంటల పీటలు, చుట్టచుట్టిన పచ్చీసు గుడ్డలు, పులిమేకల గీతలు చెక్కిన పలకలు, వైకుంఠపాళి పటాలు, క్యారం బోర్డులు, గవ్వలూ చింతగింజలూ నింపిన డబ్బాలు. బడిలో తెలుగు చెప్పి బతికిన నాకు పుస్తకాల మీద ఉన్న మమకారం వస్తువుల మీద ఉండేది కాదు. ఆ ఆటలన్నీ నా ఇల్లాలివి. నిజానికి ఆమెవి కూడా కావు. ఊరు విడిచినవారు ఆమె దగ్గర ఉంచిపోయినవి.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. మగ్గాలకు పని తప్పిన ఏడాది ఆమె పెద్దన్న సంసారంతో సహా భివండికి బయలుదేరాడు. సామానంతా అయినకాడికి అమ్మివేశాడు. తల్లి తన చేతితో కుట్టిన పచ్చీసు గుడ్డను మాత్రం అమ్మడానికి మనసు రాక, అక్కడి ఇరుకు గదిలో పరిచే చోటు ఉండదని తెలిసి, చెల్లెలి ఒడిలో పెట్టి వెళ్లాడు. మొదటిది అదే. ఆ తరువాత మా వీధిలో ఇంటికి తాళం వేసి బొంబాయికో సూరత్‌కో వెళ్లేవారు ఒక్కొక్కరే వచ్చి, "అక్కా, గిది నీ కాడ ఉండనియ్యి. మేం అచ్చినంక తీస్కపోతం" అని ఒక పీటనో పలకనో అప్పగించిపోయేవారు. బిందెను కుదువ పెట్టవచ్చు, మంచాన్ని అమ్మవచ్చు. అరిగిపోయిన వామనగుంటల పీటను ఎవరు కొంటారు?

దుబాయి, మస్కట్ నుండి సెలవుకు వచ్చినవారు పిల్లలకు తెచ్చిన అట్టపెట్టెల ఆటలు కూడా, ఆ పిల్లలు పెద్దవారు కాగానే, మా ఇల్లే చేరాయి. వాటిలో ఒకదాని నియమాలు ఆసాంతం అరబ్బీలో ఉండేవి. మా వీధి స్త్రీలు వాటి అర్థం ఎవరినీ అడగలేదు. తమ నియమాలు తామే కల్పించుకున్నారు. ఎర్రగడిలో పడితే పుట్టింటికి పోయినట్టు, ఒక పందెం ఆగాలి. నీలిగడిలో పడితే వీసా వచ్చినట్టు, ఎగిరి అవతలి మూలకు పోవచ్చు. నల్లగడిని ఏజెంటు అనేవారు. అందులో పడినవారు మళ్లీ మొదటికి రావలసిందే.

ఆ ఆటను అందరికన్నా ఇష్టంగా ఆడేది మా ఎదురింటి కోడలు. బీడీలు చుట్టి అత్తను, చంటిపిల్లను పోషించుకునేది. భర్త దుబాయి వెళ్లాడు. అక్కడ కంపెనీ మూతపడగా, చేతిలో కాగితాలు లేకుండా దొరికిన చోట దొరికిన పని చేసుకుంటున్నాడని కబురు వచ్చింది. అట్లాంటివారిని మా వైపు 'ఖల్లివల్లి అయిండు' అంటారు. ఆ మాట చెవిన పడితే ఆమె తల వంచుకుని ఆకు కత్తిరించుకునేది. వారింట ఫోను లేదు. అతనికి ఇచ్చింది మా ఇంటి నంబరే. అక్కడ శుక్రవారం సెలవు గనుక, వీలైన శుక్రవారం మధ్యాహ్నం అతడు ఫోను చేసేవాడు. రానురాను వీలుకాని శుక్రవారాలే ఎక్కువయ్యాయి.

అయినా ఆమె రాక తప్పేది కాదు. భోజనాల వేళ దాటగానే బీడీల చాట చంకన పెట్టుకుని వచ్చి, గోడవారనున్న కుప్పలోంచి ఒక చేత్తో అట్టపెట్టెను లాగి, "అత్తమ్మా, ఒక్క ఆట ఆడుదాం రా" అని నా ఇల్లాలిని పిలిచేది. ఫోను కోసం వచ్చానని ఒక్కనాడూ అనలేదు, మేమూ అనలేదు. పైగా ఫోనుకు వీపు పెట్టి కూర్చునేది. అది మోగితే మాత్రం మేమిద్దరం కదలకముందే ఆమె చేతిలో గవ్వలు నిలిచిపోయేవి.

ఒక వానాకాలం గోడ చెమర్చి, అడుగున ఉన్న పీటకు చెద పట్టింది. ఇక నేల మీద ఉంచడం తగదని, మేలైన అల్మారా ఒకటి తేవాలని నిశ్చయించుకున్నాము. నా ఇల్లాలి మనసులో అది ఎట్లా ఉండాలో ఎప్పటినుండో స్థిరపడి ఉంది. చిన్నతనాన సిరిసిల్లలో ఒక సావుకారి ఇంట అద్దాల తలుపుల టేకు అల్మారాను చూసిందట. లోపలి వస్తువులు అద్దంలోంచి కనబడుతూ, దుమ్ము తగలకుండా, దేవుని సన్నిధిలో ఉన్నట్టు ఉండేవట. కోరుట్ల బజారులో అచ్చం అటువంటిదే దొరికింది. తలుపులు తెరిచి, మూసి, ఇత్తడి తాళంచెవి తిప్పి, మళ్లీ తెరిచి, ఆమె ఆ దుకాణంలో ఎంతసేపు నిలబడిందో!

"నీ ఆటలకు మహలు కట్టిస్తున్నావే!" అన్నాను.

"మీ పుస్తకాలకు కట్టియ్యలేదా? గవి సదివేటోడు లేడు, గివి ఆడేటోళ్లన్న ఉన్నరు" అన్నది.

దానినే తీసుకుంటామని మాట చెప్పి వచ్చాము. అది చేరేలోగా చెద పాకకుండా నా ఇల్లాలు ఆటలన్నిటినీ లోపలి గదిలోని ఇనుప పెట్టెల్లో సర్ది తాళం వేసింది. మరునాడు శుక్రవారం.

ఎదురింటి కోడలు అలవాటు ప్రకారం వచ్చింది. గడప దాటి, ఖాళీ గోడను చూసి ఆగిపోయింది. చాట ఒక చంక నుండి మరొక చంకకు మార్చుకుంది.

"రా బిడ్డా, కూసుండు. పెట్టెల వెట్టిన, తాళం తీసి ఇస్త. ఏ ఆట గావాలె?"

"ఏం లేదత్తమ్మా, ఊకెనే అచ్చిన. మీకెందుకు తకలీఫ్? మల్ల అస్త."

ఎంత పిలిచినా నిలువలేదు. కిటికీలోంచి చూస్తే, తన ఇంటి అరుగు మీద మా వాకిలికి ఎదురుగా కూర్చుని బీడీలు చుడుతున్నది. వీధిలో బండి పోయినప్పుడల్లా చేయి ఆపి, చెవి మా ఇంటివైపు పెట్టేది. అంత దూరానికి ఫోను మోత వినబడదని ఆమెకూ తెలుసు. పొద్దుగూకే వరకు నా ఇల్లాలు ఆ కిటికీ దగ్గరనే ఉండిపోయింది.

దీపం పెట్టిన తరువాత నాతో అన్నది: "ఇగో, ఇంటున్నరా? గా అద్దాల అల్మారా వద్దని చెప్పుండ్రి."

నేను తెల్లబోయాను. "చిన్నప్పటి నుండి కోరుకున్నావు గదా?"

"కోరుకున్న. అయితేంది? గా పిల్లకు ఆట గావాల్నా? ఈడ కూసునేతందుకు ఒక సాకు గావాలె. తాళంచెవి అడిగి సాకు తెచ్చుకుంటరా ఎవరన్న?"

"తలుపులు తెరిచే ఉంచుదాము."

"తలుపన్నంక తెరిసెటోళ్లు ఒకలు, అడిగెటోళ్లు ఒకలు అయితరు. అసలు తలుపే వద్దు. ఒక చంకల చాట ఉంటది, రెండో చెయ్యికి అందాలె. గంతే."

"మరి దుమ్ము?"

"దులుపుకుంట. చేతులున్నయి గద!"

మరునాడే బజారుకు వెళ్లి అద్దాల అల్మారా వద్దని చెప్పి వచ్చాను. రెండు రోజుల తరువాత ఇద్దరమూ బస్సెక్కి జగిత్యాల వెళ్లాము. అక్కడ కిరాణా దుకాణాలకు ఇనుప ర్యాకులు బిగించి ఇచ్చే ఒక ముస్లిం పెద్దాయన ఉండేవాడు. చుట్టూ బూడిదరంగు పూసిన ఇనుప రేకులు. అద్దాల అల్మారాను తలచుకుని నాకే దిగులు కలిగింది. ఆమె మాత్రం ఒక్కొక్క అరనూ చేత్తో అదిమి చూస్తున్నది.

"ఏం దుకాణం వెడ్తున్నవమ్మా? కిరాణమా, మందులా?"

"ఆటల దుకాణం, భాయీ."

"పిల్లలయా?"

"పెద్దోళ్లయి. ఇస్కూలు పిల్లలకు ఆడుకునే తీరిక యాడున్నది?"

ఆయన నవ్వి, ఆమె పీటలూ పచ్చీసూ అనగానే నవ్వు ఆపాడు. "మా ఇంట్ల గూడ పచ్చీసు ఉండె. మా అమ్మీ మస్తు ఆడెడిది. తమ్ముడు సౌదీ పోయినంక నాలుగో మనిషి దొర్కలే. అప్పటిసంది సందుగులనే ఉన్నది." చేతిలోని రేకు పక్కన పెట్టి, "నీ కాడ జాగ ఉంటదా అమ్మా?" అని అడిగాడు.

"ఇంకొక్క అర ఎక్కువ బిగించు మరి" అన్నది నా ఇల్లాలు.

బరువైన పీటలకు అడుగు అర, అట్టపెట్టెలకు ఆమె మోచేతి ఎత్తున ఒకటి, గుడ్డలకు ఆ పైన, క్యారం బోర్డులకు నిలువుగా పక్కన చోటు. అందమంటూ ఏమీ లేదు. శుక్రవారం నాటికి ర్యాకు ముందుగదిలో గోడకు చేరింది. ఆ మధ్యాహ్నం ఆమె నన్ను హెచ్చరించింది: "ఆ పిల్ల అస్తే మీరు రా, కూసో అనకుండ్రి. పేపరు అడ్డం వెట్టుకోండ్రి." తాను వంటింట్లోకి పోయి గిన్నెల చప్పుడు చేస్తూ నిలబడింది.

నేను పేపరు చాటున కూర్చున్నాను. గడప దగ్గర అడుగులు ఆగాయి. తరువాత ఇనుప అర మీద అట్ట రాసుకున్న చప్పుడు, నేల మీద గవ్వలు ఒలికిన చప్పుడు.

"అత్తమ్మా, ఎంతసేపు గిన్నెలు తోముతవు? గియ్యాల నువ్వే ఏజెంటు కాడ పడతవు సూడు!"

"నేను పడుడు కాదు, నిన్నే పడగొడ్త!" అంటూ నా ఇల్లాలు తడిచేతులతోనే వచ్చి కూర్చున్నది.

ఆ రోజు ఫోను మోగలేదు. అతడు చివరకు, కాగితాలు లేనివారిని ఇంటికి పంపడానికి ఇచ్చే ఔట్‌పాసు మీద ఇల్లు చేరడానికి మరొక వానాకాలం గడవవలసి వచ్చింది. అప్పటివరకు ఎన్నో శుక్రవారాలు ఫోను మోగనే లేదు. ఆ శుక్రవారాలన్నీ ఆమె మా ముందుగదిలోనే గడిపింది.

ర్యాకు వచ్చిన ఆనాటి సాయంకాలం ఎదురింటి కోడలు ఆట పెట్టెను తానే సర్ది, గుడ్డలుండే అరలో తలకిందులుగా పెట్టిపోయింది. అలవాటు కొద్దీ దాన్ని తీసి సరైన చోట పెట్టబోయాను.

"ఉండనియ్యుండ్రి" అని నా ఇల్లాలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆమె వెట్టింది గదా, ఏడున్నదో ఆమెకు ఎరుకుంటది."